క్రొత్త పాత్రల నీటిమునుక: యూదధర్మశాస్త్రమునందలి యొక గృహాచారము

యూదధర్మమును నిష్ఠతో పాటించు కుటుంబములో ఇల్లాలు అంగడినుండి క్రొత్త గిన్నె నొకదానిని తెచ్చినచో దానిని వెంటనే పొయ్యిమీది కెక్కింపదు. మొదట దాని కంటించిన చీటిని ఊడదీసి, జిగురు మిగులకుండ తోమి, కడిగి, శుభ్రపఱచును. తెలుగింటి ఆడువారి దృష్టిలో ఆ గిన్నె అంతటితో వాడుకకు సిద్ధమైనట్లే. యూదగృహిణి దృష్టిలో కాలేదు. ఆ గిన్నెను ఊటనీటిలోనో, సముద్రములోనో, శాస్త్రోక్తముగ కట్టిన వాననీటి తొట్టిలోనో ఒక్కమాఱు పూర్తిగ ముంచి తీసిన పిమ్మటనే అది భోజనమునకు పనికివచ్చును. ఈ కర్మకు హీబ్రూ భాషలో ‘తెవీలత్ కేలీమ్’ అని పేరు. ‘తెవీలా’ యనగా మునుక. ‘కేలీమ్’ అనగా పాత్రలు.

ఈ ఆచారమును వినినంతనే తెలుగు పాఠకునకు తన యింటి మడియు, మైలయు, అంటును స్మరణకు వచ్చుట సహజము. మనుస్మృతి ఐదవ అధ్యాయమున ద్రవ్యశుద్ధి ప్రకరణ మొకటి కలదు. రాగి, ఇనుము, తగరము, సీసము మొదలగు లోహములను బూడిదతోడను, పులుపుతోడను, నీటితోడను శుద్ధి చేయవలెననియు, మట్టిపాత్రను మరల కాల్చవలెననియు అందు విధింపబడినది. పోలిక పైకి దగ్గఱగనే కానవచ్చును. కాని లోతునకు పోయినచో రెండింటికిని దారులు వేఱు. ద్రవ్యశుద్ధియందు పాత్ర యేదో యొక అశుచి వస్తువును తాకి చెడినది. శుద్ధి ఆ చెడుగును పోగొట్టును. యూదధర్మమునందలి నీటిమునుక, కమ్మరి కొలిమినుండి నేరుగ అంగడికి వచ్చి ఎవరి యెంగిలియు ఎఱుగని పాత్రకు సైతము విధింపబడినది. మురికి యున్న పాత్రకు మునుక చెల్లనే చెల్లదు. శుభ్రత యనునది ఈ కర్మకు ఫలము కాదు, ముందుగ తీర్పవలసిన షరతు. కావున దీనిని ‘కడుగుట’ అని తెలుగుచేసినవారు పొరపడినట్లే.

దీనికి మూలము యూదుల తోరాలో నాలుగవ గ్రంథమగు సంఖ్యాకాండము, 31వ అధ్యాయమున నున్నది. ఇశ్రాయేలీయులు మిద్యానీయులతో యుద్ధముచేసి, కొల్లసొమ్ముతో మరలివచ్చిరి. అప్పుడు యాజకుడగు ఎలియాజరు సైనికులకు మోషే పొందిన విధి నొకదానిని తెలియజెప్పెను. బంగారు, వెండి, కంచు, ఇనుము, తగరము, సీసము అను ఆరు లోహములు అందు పేర్కొనబడినవి. వీనిలో అగ్నికి తాళు దానిని అగ్నిలోగుండ నడపవలెను, అది శుద్ధమగును, అయినను ‘నిద్దా జలము’ చేత గూడ దానిని పావనము చేయవలెను, అగ్నికి తాళనిదానిని నీటిలోగుండ నడపవలెను. ఇది విధి సారాంశము. ‘నిద్దా జలము’ అనగా ఎఱ్ఱని పెయ్య బూడిద కలిపిన ప్రోక్షణజలమని కొందఱు వ్యాఖ్యాతలు అర్థము చెప్పిరి. యుద్ధమున శవస్పర్శ కలిగినది గాన ఆ అర్థము సందర్భమునకు పొసగకపోలేదు. కాని తాల్ముదు పండితులు ఆ మాటకే మఱియొక అర్థమును గ్రహించిరి. రజస్వలయైన స్త్రీ శుద్ధికై మునుగుటకు ఎంత నీరు చాలునో అంత నీరు అని వారి వ్యాఖ్య. అగ్నిచే శుద్ధమైన పిమ్మట గూడ మఱియొక శుద్ధిని శ్రుతి చేర్చినది గాన, ఆ రెండవ శుద్ధియే నీటిమునుక యని వారు నిర్ణయించిరి.

ఈ విచారమంతయు బాబిలోనియా తాల్ముదులో ‘అవోదా జారా’ యను ప్రకరణము చివర కానవచ్చును. అన్యమతస్థునినుండి పాత్రలను కొన్నవాడు చన్నీటి వాడుక గల దానిని ముంచవలెను, మరుగునీటి వాడుక గల దానిని మరుగునీట కాగింపవలెను, నిప్పుమీది శూలమును, ఇనుపచట్రమును నిప్పులో ఎఱ్ఱగ కాల్చవలెను అని క్రీస్తుశకము 200 ప్రాంతమున కూర్పబడిన మిష్నా చెప్పినది. ఇందు కాచుటయు, కాల్చుటయు పాత్ర యొడలిలో ఇంకిన నిషిద్ధాహారపు రసమును వెడలగొట్టుటకు ఉద్దేశింపబడినవి. క్రొత్త పాత్రలో ఇంకిన రసమే లేదు గదా! అయినను రబ్బా బార్ అవూహా యను పండితుని పేర రవ్ నహ్మాన్ ఇట్లు చెప్పెను: పాతపాత్ర అగ్నిలో కాలిన పిమ్మట క్రొత్తదానితో సమానమే, అట్టిదానికి గూడ మునుక కావలసి వచ్చినప్పుడు క్రొత్తదానికి మాత్రము ఏల అక్కఱలేదు? వెంటనే రవ్ షేషెత్ ఆక్షేపించెను: అట్లయినచో బట్టలు కత్తిరించు కత్తెరను గూడ ముంచవలసి వచ్చునే! శ్రుతిలో చెప్పబడినవి భోజనపాత్రలే యని సమాధానము వచ్చినది. కత్తెరకు విముక్తి కలిగినది, గరిటెకు కలుగలేదు.

అన్నము తాకు పాత్రకే ఈ నియమము గాన, ఎల్లలను నిర్ణయించుటలో పండితులు మిక్కిలి సూక్ష్మముగ పోయిరి. పొయ్యిమీద కుండను నిలుపు ఇనుప ముక్కాలికి మునుక లేదు. మాంసమును గ్రుచ్చి కాల్చు శూలమునకు కలదు. ముక్కాలిని కుండ తాకును, శూలమును అన్నము తాకును.

వస్తువునుబట్టియు భేదము కలదు. శ్రుతి లోహములనే పేర్కొన్నది గాన కొయ్యపాత్రకు, రాతిపాత్రకు, పూతలేని మట్టికుండకు మునుక అక్కఱలేదు. గాజు విషయమున రవ్ ఆషీ చెప్పిన యుక్తి ముచ్చటైనది. గాజు పగిలినచో కరిగించి మరల పాత్రగ చేయవచ్చును. లోహమునకును అదే గుణము. మట్టికుండ పగిలినచో పెంకే మిగులును. కావున గాజు లోహముతో జతగూడినది. లోహమునకు శ్రుతివిధి యనియు, గాజునకు పండితవిధి యనియు తరువాతి ధర్మవేత్తలు విభజించిరి. తెలుగిండ్లలో ఊరగాయకు వాడు జాడీవంటి పాత్ర, అనగా మట్టితో చేసి మెఱుగుపూత పూసినది, రెంటికిని నడుమ నిలిచి చిక్కు తెచ్చినది. దానిని పుట్టుకనుబట్టి మట్టిగ ఎంచవలెనా, పూతనుబట్టి వేఱుగ ఎంచవలెనా యని తాల్ముదులోనే వాదము జరిగినది. కడపటి రూపమే ప్రమాణమని తీర్పు. పింగాణికి ఆ సందేహమే సంక్రమించి, పలువురు దానిని ముంచుదురు గాని ఆశీర్వచనము పలుకరు. అల్యూమినియము ఆరు లోహములలో లేదు. 19వ శతాబ్దికి పూర్వము వంటయింటిలో దాని పేరే వినబడలేదు. దానికి పండితవిధి యగుననియే 20వ శతాబ్దపు ధర్మవేత్తలలో పలువురి మతము. ప్లాస్టిక్కు విషయమున నేటికిని భిన్నాభిప్రాయములున్నవి, వలదనువారే హెచ్చు.

ఇక ఈ ఆచారము వెనుకనున్న భావ మేమి? ఇచ్చట పాఠకుడు కొంత జాగ్రత్తతో నడువవలెను. యెరూషలేము తాల్ముదు ఒక కారణమును చెప్పినది: ఆ పాత్ర అన్యుల అశుద్ధినుండి వెడలి ఇశ్రాయేలు పవిత్రతలో ప్రవేశించినది. ఆ వాక్యమందలి ‘అశుద్ధి’ యను మాట వినుట కింపైనది కాదు. అంటరానితనము యొక్క గాయములను తరతరములుగ చూచిన దేశమున ఆ మాట ముల్లువలె గుచ్చుకొనును. దానిని దాచి వ్రాయుట న్యాయము కాదు. కాని ఒక నియమము నిజముగ దేనిని కాపాడుచున్నదో తెలియుటకు దాని కారణవాక్యము కంటె దాని వివరములే మేలైన సాక్ష్యము. అన్యమతస్థుని పాత్రను ఎరవు తెచ్చుకొన్న యూదుడు దానిని ముంచనక్కఱలేదు. మిద్యానీయుల వృత్తాంతమున వలె పాత్ర సొంతమైనప్పుడే మునుక యని రవ్ నహ్మాన్ స్పష్టముగ చెప్పెను. యూదుడు తన పాత్రను పొరుగింటి అన్యమతస్థునకు ఎరవిచ్చి, వాడు వాడుకొని తిరిగి యిచ్చినచో మరల మునుక లేదు. కుదువపెట్టి విడిపించుకొన్నను లేదు. యూదుడును అన్యుడును పాలుపడి కొన్న పాత్రకు మునుక లేదని క్రాకో నగరపు ధర్మవేత్త మోషే ఇస్సెర్లిస్ నిర్ణయము. అదే యూదుడు తన పాత్రను అమ్మివేసి, మరల కొన్నచో, అది యూదుడే చేసినదైనను, అంతవఱకు తానే వాడినదైనను, మునుక తప్పదు. అన్నిటికంటె వింత యేమనగా, పాత్రను నీట ముంచు పనిని అన్యమతస్థునిచేత చేయించినను ఆ మునుక చెల్లును.

స్పర్శచే పాత్ర చెడునను భావమే ఇందు మూలమైనచో ఈ వివరములలో ఒక్కటియు నిలువదు. పరుల చేయి తాకిన పాత్రకు మునుక లేకపోవుట యేమి, పరుల చేతితోనే మునుక జరుగుట యేమి! ఇచ్చట మాఱుచున్నది పాత్ర యొక్క స్వామిత్వము. ఒక యింటి సొత్తు మఱియొక యింటి సొత్తగుచున్నది. ఆ మార్పునకు గుర్తుగ నీరు నడుమ నిలిచినది. యూదధర్మమున చేరగోరు మనుష్యుడు గూడ అదే విధమైన జలాశయమున మునుగును. మనుష్యునకు ఏ ద్వారమో పాత్రకును అదే ద్వారము.

12వ శతాబ్దమున ఈజిప్టులో నివసించిన మహాపండితుడు మైమోనిడిసు ఈ విషయమును మఱింత తేటపఱచెను. భోజనపాత్రల మునుక శౌచాశౌచముల లెక్కలోనిది కాదనియు, పూర్వపండితులు విధించినదనియు, శ్రుతిలో దానికి సూచన మాత్రమే కలదనియు ఆతని మతము. ఇది శ్రుతివిధియే యని చెప్పిన ధర్మవేత్తలు ఆతనికంటె సంఖ్యలో హెచ్చు. 1565లో వెనీసు నగరమున అచ్చుపడిన యోసెఫ్ కారో గారి ‘షుల్హాన్ అరూఖ్’ యను ధర్మసంగ్రహమున ఈ నియమములు ‘యోరె దెఆ’ భాగములో 120వ ప్రకరణముగ నేర్పడినవి. నేటికిని ప్రశ్న వచ్చినప్పుడు తెఱచి చూచునది ఆ ప్రకరణమే.

పాత్రలకంటె నీటి కథ విశేషమైనది. ఏ నీరైనను చాలదు. బిందెతో చేది పోసిన నీరు ఎంత నిర్మలమైనదైనను పనికిరాదు. మనుష్యుడు పాత్రతో ఎత్తని నీరు కావలెను. మిష్నాలో ‘మిక్వావోత్’ అను ప్రకరణము మొదటి అధ్యాయమున నీళ్లకు ఆరు అంతరములు చెప్పబడినవి. గుంటలో నిలిచిన నీరు అడుగున నుండును, దానిపైన వాన ఆగక కారుచున్న నీరు, దానిపైన నలుబది ‘సెఆ’ల నీరు నిలిచిన జలాశయము, ఆపైన ఊటల భేదములు, అన్నిటికి మీద ‘సజీవజలము’, అనగా పారుచున్న తీయని ఊట. వాననీరు ఒకచోట నిలిచి నలుబది సెఆలైన గాని పావనము చేయదు. ఊటనీరు పాఱుచునే పావనము చేయును. పాత్రకైనచో అది మునిగినంత ఊట చాలును. సముద్రమునకు వంక లేదు.

నది సంగతి యేమి? నది ఊటయా, వానయా? ఇది ప్రొద్దుపోక వేసిన ప్రశ్న కాదు. ఊటయైనచో పాఱుచున్నను మునుగవచ్చును. వానయైనచో నిలిచినగాని చెల్లదు. 3వ శతాబ్దమున యూఫ్రటీసు తీరమున నెహర్దెయా నగరములో నివసించిన శమూయేలు పండితుని తండ్రి, నీసాన్ మాసమున, అనగా మార్చి ఏప్రిలు ప్రాంతమున, తన కుమార్తెలకొఱకు నదిని విడిచి ప్రత్యేక జలాశయములను కట్టించెనట. ఆ ఋతువున నదిలో వాననీటి పాలు మించిపోవునని ఆతని శంక. నది తన అడుగునుండియే వృద్ధిచెందునను మాటయు తాల్ముదులో శమూయేలు పేర కలదు. యానామున గౌతమీతీరమందు పెరిగినవారికి ఈ శంకను వేఱుగ వివరింపనక్కఱలేదు. వేసవిలో అడుగు కనబడు గోదావరియు, శ్రావణమున ఎఱ్ఱనీటితో ఒడ్డు లొరయు గోదావరియు ఒక్కటేయా యని వారును తలపోసి యుందురు. కొందఱు ధర్మవేత్తలు వరదకాలమున నదిని మానుమనిరి. కొందఱు వేఱు జలాశయము లేనిచోట అనుమతించిరి.

చేదిన నీరు ఎంత పడినచో అసంపూర్ణమైన జలాశయము చెడును? ఈ ప్రశ్నను గూర్చి ‘ఎదుయ్యోత్’ ప్రకరణమున ఒక చిన్న కథ కలదు. ఒక ‘హీన్’ అని హిల్లెల్ చెప్పెను. అనగా పండ్రెండు ‘లోగు’లు. తొమ్మిది ‘కావు’లని షమ్మాయి చెప్పెను; అనగా ముప్పదియారు లోగులు. ఇద్దఱును ఆ కాలమున ఆచార్యశిఖామణులు. పండితులు ఇరువురి మాటనుగూడ అంగీకరింపలేదు. అప్పుడు యెరూషలేములో పెంటగుమ్మము దగ్గఱ నివసించు ఇద్దఱు సాలెవాండ్రు వచ్చి, షెమయ్యా అవ్‌తల్యోన్ అను పూర్వాచార్యులు మూడు లోగులని చెప్పిరని సాక్ష్యమిచ్చిరి. సభ వారి మాటనే స్థిరపఱచినది. నేటికిని చట్టము మూడు లోగులే. షోలాపురము పద్మశాలి కుటుంబములవారు చదివి సంతోషింపదగిన కథ యిది. పట్టణమున మిక్కిలి హీనమైన గుమ్మము ప్రక్కనుండి మగ్గము దిగి వచ్చినవారి జ్ఞాపకము ముందు ఇద్దఱు మహాచార్యుల లెక్కలు వెనుకంజ వేసినవి. ఆ కథలోనే మఱియొక చిన్నమాట కలదు. హిల్లెల్ ‘హీన్’ అను పాతకొలతను ఏల చెప్పెననగా, శిష్యుడు గురువు నోట విన్న భాషలోనే చెప్పవలెను గాన నని మిష్నా సమాధానము. తెలుగునాట లేని తెలుగుమాటలను తాతలనుండి విని నిలుపుకొన్న బయటి తెలుగువారికి ఇది వింతగ తోపదు.

నలుబది సెఆ లనగా ఎంత? ఒక మూర పొడవు, ఒక మూర వెడల్పు, మూడు మూరల లోతు గల గుంట నిండ పట్టు నీరని తాల్ముదు కొలత. మనుష్యుని శరీరము మునుగుటకు చాలినంత. ఆ మూర ఎంత యనుటలో భేదము గలదు గాన, నేటి లెక్కలో అది 332 లీటరులని కొందఱును, 573 లీటరులని కొందఱును చెప్పుదురు. అట్టి జలాశయమునకు ‘మిక్వె’ అని పేరు. ఇంటికప్పుమీది వాననీటిని నేలకు అంటుకొనియున్న కాలువలోగుండ గుంటలోనికి విడుచుదురు. దాని ప్రక్కన కుళాయినీటి తొట్టిని కట్టి, నడుమగోడలో రెండువ్రేళ్లు తిరుగునంత రంధ్రమును పెట్టి, రెండు నీళ్లను కలుపుదురు. వాననీటి స్పర్శచే కుళాయినీటికి గూడ ఆ గుణము సంక్రమించును. నిత్యము మార్చుకొనగలిగిన శుభ్రమైన నీటిని శాస్త్రము తప్పకుండ పొందుటకు కనిపెట్టిన యుక్తి యిది.

పూర్వకాలపు మిక్వెలు పెక్కు నేటికిని నిలిచియున్నవి. 1963నుండి 1965వఱకు మసాదా కోటలో జరిగిన త్రవ్వకములలో క్రీస్తుశకము మొదటి శతాబ్దినాటి మిక్వెలు బయటపడినవి. ఎడారికొండ నెత్తిమీద, రోమనుల ముట్టడిలో నున్నవారు సైతము ఈ నియమమును విడువలేదు. జర్మనీలో వోర్మ్సు నగరపు మిక్వె 1185–86లో కట్టబడినది. అచ్చట వాననీటిని పట్టలేదు. భూగర్భజలము తగులువఱకు మెట్లు దింపిరి. వోర్మ్సు, ష్పేయర్, మైన్జ్ నగరముల యూదకట్టడములను 2021లో యునెస్కో ప్రపంచవారసత్వముగ గుర్తించినది. ఈనాడు పెద్ద యూదసమాజములు గల నగరములలో పాత్రలకు మాత్రమే ప్రత్యేకించిన చిన్న మిక్వెలు కలవు. పస్కా పండుగకు ముందు దినములలో అచ్చట రద్దీ హెచ్చు. మిక్వె లేని ఊళ్లలో కుటుంబములు గిన్నెల బుట్టతో సముద్రతీరమునకో చెఱువుగట్టునకో పోవుట గలదు.

ముంచు పద్ధతి క్లుప్తమైనదే గాని పట్టింపులు గలది. నీటికిని పాత్రకును నడుమ ఏదియు అడ్డము రాకూడదు. దీనికి ‘హత్సీసా’ యని పేరు. చీటి, జిగురు, త్రుప్పు, మైనము అన్నియు అడ్డములే. పాత్రను గట్టిగ పట్టుకొన్నచో చేయియు అడ్డమగును. కావున ముందుగ చేతిని ఆ నీటిలో తడిపి, పాత్రను వదులుగ పట్టుకొని ముంచుదురు; లేనిచో ఒక్కక్షణము నీటిలో విడిచి మరల అందుకొందురు. పిడితోసహా పాత్ర అంతయు ఒకేమాఱు నీటి క్రింద నుండవలెను. సగము ముంచి, త్రిప్పి, మిగిలిన సగము ముంచుట చెల్లదు. ఇఱుకు మూతిగల సీసాను బోర్లించినచో లోపల గాలి చిక్కుకొని నీరు గోడలను తాకదు గాన, వెల్లకిల పట్టి బుడగలు నిలిచిపోవువఱకు కాచియుండవలెను. ముంచుటకు ముందు, ఈ విధిని తమకు విధించిన దేవుని స్తుతించు చిన్న ఆశీర్వచనమును పలుకుదురు. ఒక పాత్రయైన ఏకవచనమున, పెక్కులైన బహువచనమున. చిన్నపిల్లలు పాత్రను ముంచవచ్చును. కాని పెద్దవారు చూడకుండ ముంచి వచ్చి ‘ముంచితిమి’ అన్నచో వారి మాట ప్రమాణము కాదు. బిడ్డలను నీటివద్దకు ఒంటరిగ పంపకుండుటకు గూడ ఇది మంచి నియమమే.

‘అవోదా జారా’ ప్రకరణము ఒక రాజుగారి విందుకథతో ముగియును. అన్యుని కత్తిని గట్టినేలలో పదిమాఱులు గ్రుచ్చినచో అంటిన జిడ్డు పోవునని పండితుల మాట. ఇది మునుకకు సంబంధించినది కాదు, ఇంకిన రసమునకు సంబంధించినది. మార్ యెహూదా, బాతీ బార్ తోవీ యను ఇద్దఱు యూదులు పారశీకరాజగు షాపూరు కొలువున కూర్చుండిరి. రాజు ఎత్రోగు పండును, అనగా మాదీఫలమును, ఒక ముక్క కోసి తాను తినెను. మఱియొక ముక్క కోసి బాతీకి ఇచ్చెను. పిమ్మట కత్తిని నేలలో పదిమాఱులు గ్రుచ్చి, అప్పుడు కోసిన ముక్కను మార్ యెహూదాకు ఇచ్చెను. నేను మాత్రము యూదుడను కానా యని బాతీ అడిగెను. ఆతని నిష్ఠ నాకు తెలియును, నీ నిష్ఠ తెలియదని రాజు బదులు పలికెనట. పరుల నియమము నెఱిగి, అడుగకముందే పాటించిన ఆతిథ్యమును తాల్ముదు కర్తలు తమ గ్రంథమున నిలుపుకొనుట గమనింపదగినది.

మునుక మఱచినచో ఏమగును? ముంచని పాత్రలో వండిన అన్నము నిషిద్ధము కాదు. దానిని వేఱు పాత్రలోనికి మార్చి తినవచ్చును. సబ్బాతు దినమున పాత్రను ముంచరాదు గాన, ఆనాడు అవసరము పడినవాడు దానిని అన్యమతస్థుడగు స్నేహితునకు దానముగ ఇచ్చి, మరల ఎరవు తీసికొనవచ్చునని షుల్హాన్ అరూఖ్ దారి చూపినది. ఎరవు పాత్రకు మునుక లేదు గదా! స్వామిత్వమే ఈ నియమమునకు కీలకమని దీనివలనను తెలియుచున్నది. నీటిలో ముంచినచో చెడిపోవు విద్యుత్ పరికరములు వంటయింటికి వచ్చిన తరువాత ఈ పాతదారికి క్రొత్త గిరాకి కలిగినది. కొందఱు యూదుడైన పనివానిచేత పరికరమును విప్పించి మరల కూర్పించి, అది యూదునిచే చేయబడిన పాత్ర యగునని సమర్థింతురు. కొందఱు ముంచి, దినములకొలది ఆరబెట్టి, తరువాత తీగను తగిలింతురు.

భారతదేశమున తెలుగువారికి యూదులతో ఇరుగుపొరుగు బొంబాయిలో కలిగినది. హైదరాబాదు సంస్థానమునుండి పనులకై వచ్చిన తెలుగు కామాఠీల పేర వెలసినదే అచ్చటి కామాఠిపుర. దానికి చేరువగ బైకుల్లాలో డేవిడ్ ససూన్ 1860 దశకమున కట్టించిన మాగెన్ డేవిడ్ ప్రార్థనాలయము నేటికిని కలదు. అంతకు ముందే, 1796లో, కొంకణప్రాంతపు బెనె ఇశ్రాయేలులకు శమూయేలు ఎజెకియేలు దివేకరు తొలి ప్రార్థనాలయమును కట్టించెను. గానుగ ఆడించుకొని బ్రదుకుచు, శనివారమున గానుగ నిలుపుటచే వారికి ‘శనివార్ తేలీ’లని మరాఠీ పేరు వచ్చినది. 1948 తరువాత వారిలో అధికభాగము ఇశ్రాయేలునకు తరలిపోయిరి.

తెలుగుదేశమునందే గుంటూరుజిల్లా చేబ్రోలు దగ్గఱ కొత్తరెడ్డిపాలెములో ‘బెనె ఎఫ్రయీమ్’ అను చిన్న సమాజము 1980 దశకమునుండి యూదధర్మమును అనుసరించుచున్నది. వారు మాదిగ కుటుంబములవారు. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు 2013లో వీరినిగూర్చి గ్రంథమును ప్రకటించిరి. ఊరిబావిలో చేద వేయనీయని కాలమును తాతలనుండి వినినవారు, నీటితో ముడిపడిన ధర్మమును చేపట్టుట తెలుగు సాంఘికచరిత్రలో తేలికగ దాటిపోదగిన విషయము కాదు.

యూదధర్మమున క్రొత్తగ ప్రవేశించు ఎవనికైనను ఒక ప్రశ్న ఎదురగును. ఆతడు మిక్వెలో మునిగి యూదుడైనాడు. ఆతని యింటిలో అంతకు ముందే యున్న గిన్నెల సంగతి యేమి? నిన్నటివఱకు అవి అన్యుని సొత్తు, నేడు యూదుని సొత్తు. కావున ముంచవలెనని కొందఱు ధర్మవేత్తల వాదము. అమ్మకము లేదు, కొనుగోలు లేదు, గిన్నె ఇల్లు మాఱలేదు, చేయి మాఱలేదు; మిద్యానీయుల వృత్తాంతమున వలె ఒకరి సొత్తు మఱియొకరికి చేరలేదు, కావున అక్కఱలేదని కొందఱి వాదము. తీర్పు ఏకముగ రాలేదు. సందేహమున్నచోట యూదగృహములలో సాధారణముగ పాటించు పద్ధతియే ఇచ్చటను చెల్లుచున్నది: ఆశీర్వచనము పలుకక పాత్రను ముంచుదురు.